తౌడు తిరిగిచ్చాక

2023 జూలై. తమిళనాడు ధర్మపురిలో, బస్టాండుకు నడిచిపోయేంత దూరంలో, ఒక బట్టల కొట్టు పైన నా క్లినిక్. మెట్లు నిటారుగా ఉంటాయి. పెద్దవాళ్ళు పైకి చేరేసరికి ఆయాసపడి నన్నే తిడతారు. పిల్లలు మెట్లెక్కే తీరు చూస్తే నాకు సగం సంగతి తెలిసిపోతుంది. రెండేసి మెట్లు దూకుతూ వచ్చేవాడి గురించి పెద్దగా దిగులుపడను. అమ్మ కొంగు పట్టుకుని, ఒక్కో మెట్టూ ఈడిపించుకుంటూ వచ్చే పిల్ల కనబడితే మాత్రం కుర్చీ సర్దుకుని కూర్చుంటాను.

నేను చైల్డ్ సైకియాట్రిస్టుని. అంటే పిల్లల మనసుకు వచ్చే ఇబ్బందులకు వైద్యం చేసే డాక్టర్ని. ఈ మాట చెప్పగానే పెళ్ళిళ్ళలో నా పక్క కుర్చీ ఖాళీ అవుతుంది. "భయపడకండి, నేను పెద్దవాళ్ళను చూడను" అంటాను. నా నోటికి కాస్త దురుసు ఎక్కువేనని మా ఇంట్లో అందరూ ఒప్పుకుంటారు.

మాకు సోమవారం రద్దీ రోజు. ఆదివారం సాయంత్రం ఇక్కడి బస్టాండులో బెంగళూరు బస్సులు చూస్తే కారణం తెలుస్తుంది. మేస్త్రీలు, చిత్తాళ్ళు కిక్కిరిసి ఉంటారు. కట్టడం పనిలో ఇటుకా ఇసుకా మోసే ఆడవాళ్ళను ఇక్కడ చిత్తాళ్ళంటారు. వారమంతా అక్కడ షెడ్డుల్లో ఉండి, శనివారం సాయంత్రానికి తిరిగొస్తారు. పిల్లలు ఊళ్ళో అవ్వల దగ్గర ఉంటారు. సోమవారం పొద్దున ఆ పిల్లల్లో కొందరికి కడుపునొప్పి వస్తుంది. స్కాన్‌లో ఏమీ దొరకదు. అవ్వలు పాపం ఆ డాక్టరు దగ్గరికీ ఈ డాక్టరు దగ్గరికీ తిరిగి తిరిగి, చివరికి నా మెట్లెక్కుతారు.

ఆ సోమవారం వచ్చిన పిల్లకు తొమ్మిదేళ్ళు. నాలుగో తరగతి. వాళ్ళది తుంబలహళ్లి దగ్గరి పల్లె. బడిలో పేరు కవిప్రియ అనుకుందాం. వాళ్ళను అడిగే రాస్తున్నాను, అయినా పేర్లు మార్చాను. అవ్వ మాత్రం ఆమెను "తౌడూ" అని పిలుస్తోంది. మా వైపు ఇంటికొక తౌడో కుప్పమ్మో ఉంటారు కనుక ఆ పిలుపును నేను పట్టించుకోలేదు.

తల్లి మంజుల ముంజేతికి గుడ్డ చుట్టుకుని ఉంది. ఏమైందని తమిళంలో అడిగాను. గుడ్డ విప్పి చూపించింది. పంటి గాట్లు, నీలంగా కమిలిపోయి ఉన్నాయి. ఆమె అత్తను చూసి "నువ్వే చెప్పు" అని తెలుగులో అంది.

"ఏమ్మా, తెలుగోళ్ళా మీరు?" అన్నాను.

"అయ్యో, మీరూనా మేడం!" అంటూ మంజుల కుర్చీలో ముందుకు జరిగింది. మా ఇంట్లోనూ అంతే. తరాల కిందట ఎప్పుడో వచ్చాం. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. తెలుగు రాయడం మా నాన్న పట్టుబట్టి నేర్పించాడు గాని, మంజులకు అది కూడా రాదు. అయినా ఇంటి భాష వినబడితే మనిషి నిటారుగా కూర్చోవడం మానేసి కాస్త వాలుతుంది.

"నిన్న సాయంత్రం బస్సెక్కినాను మేడం. ఇది నా వెనకాలే ఎక్కి కమ్మీ పట్టుకునింది. దిగమంటే దిగదు. కండక్టరు అరుస్తా ఉండాడు. నేను చెయ్యి విడిపిస్తే కొరికేసింది. బస్సులో అందరూ మమ్మల్నే చూస్తా ఉండారు. నేను దిగేసినాను. మా ఆయన ఒక్కడే పోయినాడు."

"నెల దినాలుగా ఇదే పాట," అంది మంజుల అత్త, అవ్వ మునియమ్మ. "పళ్ళికూడం బస్సు వచ్చే టైముకు కక్కేస్తాది. రాత్రిళ్ళు కండ్లు మూయదు. కలి ముద్ద చేసి పెడితే రెండు మెతుకులు కెలికి లేస్తాది. చూడు, మెడకాయ ఎట్లయిపోయిందో." పళ్ళికూడం అంటే బడి, కలి అంటే రాగి సంగటి.

నిద్రపోతుందని మెడికల్ షాపులో అడిగి జలుబు మందు కూడా తాగించారట. ఆ మాటకు నా నోరు ఊరుకోలేదు. "నిద్రొచ్చే మందు తాగించి, ఆ సందులో బస్సెక్కుదామనా? రేపు లేచి చూస్తే అమ్మ ఉండదని తెలిశాక ఏ పిల్లయినా నిద్రపోతుందా?" అన్నాను. మంజుల తల దించుకుంది. తర్వాత మెల్లగా, "నేను వేలకు పోవాల మేడం. ఏదో ఒక మాత్ర రాసియ్యండి. బిడ్డ కొంచెం శాంతంగా ఉంటే చాలు" అంది. వేల అంటే ఇక్కడ పని.

"మాత్ర గీత్ర వద్దు," అని అవ్వ అడ్డుపడింది. "పిచ్చి మాత్రలు ఒకసారి పట్టుకుంటే వదలవంట." ఫోన్లో తండ్రి మురుగేశు గొంతు ఇంకా గట్టిగా ఉంది. "ఆడబిడ్డ మేడం. మాత్ర తింటా ఉందని తెలిస్తే రేపు ఊర్లో ఏమంటారు?"

ఇంతమంది మాట్లాడుతుంటే ఆ పిల్ల తల్లి కొంగు కొసను వేలికి చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టుకుంటోంది. నా వంక చూడనే లేదు.

ఆమెకున్నది సెపరేషన్ యాంగ్జైటీ. తనవాళ్ళు దూరమైతే ఇక తిరిగి రారేమో అన్న భయం వయసుకు మించి పెరిగిపోవడం. మా వృత్తిలో దీనికి మొదటి వైద్యం మాటలూ, అభ్యాసమూ. ఎక్స్‌పోజర్ అంటాం. భయాన్ని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి, పిల్ల చేత ఒక్కోటీ ఎక్కించడం. మందు రాయడం నాకు తేలిక. కలం తీసి గీస్తే అయిపోతుంది. కానీ తొమ్మిదేళ్ళ ఒంట్లోకి పంపే మందు గురించి నేను చాలా చూసుకోవాలి. భయం పిల్ల తిండినీ నిద్రనూ ఎంతగా తినేస్తోంది, మందు లేకుండా చేయగలిగినవి నిజంగా చేశామా, చేశామని అనుకుంటున్నామా, మందు వల్ల వచ్చే ఇబ్బంది దాని మేలును మించిపోతుందా. ఇవి తేలకుండా రాస్తే నాకు నిద్ర పట్టదు. ఆ రోజు రాయలేదు.

మంజుల బెంగళూరు మానుకుని, పక్క తోటల్లో టమోటా కోతకు పోవడం మొదలుపెట్టింది. కొట్టుకు వెళ్ళి చెప్పిన వేళకు తిరిగి రావడం మొదటి మెట్టు. తోటకు వెళ్ళి మధ్యాహ్నానికి రావడం తర్వాతిది. బడి గేటు దాకా తోడు వెళ్ళి నిలబడటం ఇంకొకటి. మొదట్లో బాగానే సాగింది. కానీ "బస్సు" అన్న మాట ఎత్తగానే పిల్ల మొహం తెల్లబోయేది. అక్కడికి వచ్చి ఆగిపోయాం. ఏది అడిగినా "తెలీదు" అనేది.

ఒక రోజు నా గదిలో ఆ పిల్ల కుర్చీ కాళ్ళు తంతూ కూర్చుని ఉంది. అవ్వకు విసుగొచ్చింది. "కుదురుగా కూర్చోవే తౌడూ! లేకుంటే రాజమ్మ తౌడుకు కొనింది కదా నిన్ను, ఆ ఇంట్లోనే పారేసి వస్తా" అంది. అందరం నవ్వాం. నేనూ నవ్వాను. మా వైపు ఏ పిల్లనైనా "నిన్ను తౌడుకు కొన్నాం" అని ఆటపట్టించడం మామూలే. నన్ను కూడా మా మేనమామలు అలాగే ఏడిపించేవాళ్ళు. ఆ పిల్ల మాత్రం నవ్వలేదు. కాళ్ళు తన్నడం ఆపేసింది. లేచి మూలనున్న చెత్తబుట్ట దగ్గరికి పోయి వాంతి చేసుకుంది.

నీళ్ళు తాగించి, పిల్లను బయట కూర్చోబెట్టి, "రాజమ్మ ఎవరవ్వా?" అని అడిగాను.

"మా ఎదురిల్లు. ఇది పుట్టక ముందు ఇద్దరు బిడ్డలు పోయినారు తల్లీ. పుట్టినారు, పోయినారు. దీన్నన్నా నిలుపుకోవాలని రాజమ్మకు అమ్మేసినాం."

మిగతా ప్రాంతాల వాళ్ళకు ఈ ఆచారం చెప్పాలి. బిడ్డలు దక్కని ఇంట్లో మళ్ళీ బిడ్డ పుడితే, చేటలో పడుకోబెట్టి ఇంకో ఇంటివాళ్ళకు తౌడుకు అమ్మేస్తారు. చావు వచ్చి చూస్తే ఈ బిడ్డ ఈ ఇంటిది కాదు, పైగా తౌడుపాటి విలువ చేసేది, వదిలేసి పోతుందని నమ్మకం. చాలా ఇళ్ళల్లో అప్పటికప్పుడే తౌడు తిరిగిచ్చేసి బిడ్డను తెచ్చుకుంటారు. వీళ్ళ పద్ధతి వేరు. బిడ్డకు ఐదేళ్ళు నిండేదాకా ఆమె పేరుకు ఆ ఇంటి బిడ్డే. కన్నవాళ్ళు పెంచుతున్నారంతే. ఐదు నిండాక తౌడు తిరిగిచ్చి, గడప దాటించి తెచ్చుకోవాలి.

"మరి తెచ్చుకున్నారా?" అని అడిగాను.

అవ్వా కోడలూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. "రేపు చేద్దాం మాపు చేద్దాం అనుకునేతలికి కరోనా వచ్చె," అంది అవ్వ. "తర్వాత వీళ్ళు వేలకు పోతా ఉండిరి. బిడ్డ గట్టిగా ఉంది కదా, ఇంకెందుకులే అని ఇడిచేసినాం."

పిల్లను లోపలికి పిలిచి, వాళ్ళిద్దరినీ బయటికి పంపాను. నేల మీద ఆమె పక్కన కూర్చున్నాను. ఈ వయసులో నేల మీద కూర్చుంటే లేవడం నాకో పెద్ద పని. "రాజమ్మ అంటే భయమా?" అన్నాను.

"రాజమ్మత్త మంచిదే," అంది. ఆ పిల్ల నాతో చెప్పిన మొదటి పూర్తి మాట అది. ఆగి ఆగి మిగతాది చెప్పింది. "నేను వాళ్ళ బిడ్డని కదా. అమ్మ ఊర్లో లేనప్పుడు వచ్చి అడిగితే అవ్వ ఇచ్చేయాల కదా. తౌడు ఇంకా ఇయ్యలేదు."

"ఎవరు చెప్పారు?"

"అందరూ చెప్తారు. నవ్వతా చెప్తారు."

ఆ పిల్ల ఊహించుకున్నది ఏమీ లేదు. వాళ్ళ ఆచారం ప్రకారమే చూస్తే ఆమె లెక్క తప్పు కాదు. రాత్రిళ్ళు నిద్రపోకుండా వాకిలికి కాపలా కాస్తోంది.

విన్నది వాళ్ళకు చెప్పాను. తర్వాతి ఆదివారం వాళ్ళు తౌడు తిరిగిచ్చారు. నేను ఎవరిళ్ళకూ పోను. దానికి మాత్రం పోయాను. మురుగేశు బెంగళూరు నుంచి వచ్చాడు. చేట నిండా తౌడు పోసి, పైన పసుపు కొమ్మూ తమలపాకులూ పెట్టి ఎదురింటికి నడిచారు. పిల్ల తండ్రి పక్కనే నడుస్తూ చేటలోకి తొంగి చూసి, "నాయినా, అంతా ఉందా? తక్కువ లేదు కదా?" అని అడిగింది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వబోతే నేను కళ్ళెర్రజేశాను.

రాజమ్మ గడపలో నిలబడి ఉంది. లావుపాటి మనిషి, మెత్తటి మొహం. "తౌడు ముట్టింది. బిడ్డ మీది," అని చెప్పాల్సిన మాట చెప్పింది. పిల్ల ఆమె ఇంట్లోకి వెళ్ళి, గడప దాటి ఇవతలికి వచ్చి తల్లి నడుం చుట్టుకుంది. అప్పుడు రాజమ్మ చేట కింద పెట్టి కళ్ళు తుడుచుకుంది. "నన్ను చూసి భయపడిందంటనే మునియమ్మక్కా? ప్రతి పండక్కీ గౌను కుట్టిచ్చింది నేనే కదా" అంది. ఆమెకు పిల్లలు లేరని నాకు తర్వాత తెలిసింది. ఆ మాట నన్ను చాలాకాలం బాధపెట్టింది. ఎవరి తప్పూ లేకుండా ఎవరో ఒకరి మనసు నొచ్చుకునే రోజులుంటాయి.

కాఫీ తాగుతూ మురుగేశు నాతో, "చూసినారా మేడం, సంగతి దొరికిపోయింది. మాత్ర తప్పింది" అన్నాడు. నేను కూడా అదే కోరుకున్నాను. కారణం దొరికింది, ముడి విడిపోయింది, పిల్ల నవ్వింది. ఇక్కడితో ఈ కథ ముగిస్తే ఎంత బాగుండేది! చదివేవాళ్ళు కూడా మెచ్చుకునేవాళ్ళు.

మంజుల మళ్ళీ బెంగళూరు బస్సెక్కింది. ఆ సోమవారం పిల్ల మళ్ళీ వాంతి చేసుకుంది. ఆ తర్వాతి సోమవారం కూడా అంతే. రాత్రిళ్ళు వాకిలి చూడటం మానేసింది గాని నిద్ర రాలేదు. మెట్ల అభ్యాసం మళ్ళీ మొదటి నుంచి పట్టుదలగా చేయించాను. బస్సు దగ్గరికి వచ్చేసరికి వణుకు. బరువు ఇంకా తగ్గింది. మంజుల ఫోన్ చేసి, "ఇంక నా వల్ల కాదు మేడం. పళ్ళికూడం మాన్పించి షెడ్డుకు తెచ్చుకుంటా. నా కండ్ల ముందర ఉంటే చాలు" అంది. ఆ షెడ్డుల సంగతి నాకు తెలుసు. రేకుల గదులు, ఇసుక గుట్టలు, నీళ్ళ తొట్లు. ఒకసారి అక్కడికి పోయిన పిల్లలు మళ్ళీ బడి గేటు దాటడం నేను చూసింది తక్కువ. తొందరపడొద్దని బతిమాలుకుని, ఆదివారం అందరినీ రమ్మన్నాను. బెంగళూరు అమ్మానాన్నల కోసం ఆదివారం పొద్దున కూడా క్లినిక్ తెరుస్తాను.

ముందు పిల్లతో మాట్లాడాను. "నువ్వు ఎవరి బిడ్డవి?" అన్నాను.

నా ప్రశ్నే తెలివితక్కువదన్నట్టు చూసింది. "మా అమ్మా నాయినా బిడ్డని. నాకు తెలుసు డాక్టరమ్మా. కడుపుకే తెలీలేదు. చెప్తే వినదు."

ఇరవై ఏళ్ళలో ఈ జబ్బును ఇంత సులువుగా నాకు ఎవరూ చెప్పలేదు. భయం మొదలవడానికి ఒక కారణం ఉంటుంది. చాలాకాలం ఒంట్లో ఉండిపోయాక, కారణం పోయినా ఒంటికి ఆ సంగతి అందదు. గుండె దడదడలాడటం, కడుపు తిప్పడం దాని అలవాటైపోతాయి. ఆ దడ కాస్త తగ్గితేనే పిల్ల మొదటి మెట్టు మీద కాలు పెట్టగలదు. ఆ తర్వాత మిగతా మెట్లు అభ్యాసంతో ఎక్కవచ్చు. ఇప్పుడు మందు అవసరమని నా మనసుకు గట్టిగా అనిపించింది.

అవ్వ మాత్రం ఒప్పుకోలేదు. "కారణం తెలిసిపోయె కదా తల్లీ, మళ్ళీ మాత్రెందుకు?"

"కాల్లో ముల్లు దిగితే తీసేస్తావు. కాలు చీము పట్టి ఉంటే ముల్లు తీశానని ఊరుకుంటావా అవ్వా?"

అవ్వ మొహం ముడుచుకుంది. మురుగేశు నేల చూపులు చూస్తూ, "ఊర్లో తెలిస్తే..." అన్నాడు.

"ఏమప్పా, బడి మానేసి షెడ్డులో పెరిగితే తెలియదా ఊరికి? అది పరువా?" అన్నాను. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కాస్త గట్టిగా అన్నానని నాకే అనిపించి, గొంతు తగ్గించి అంతా వివరించాను. ఇది ఎస్ఎస్ఆర్ఐ అనే రకం మందు. మెదడులో ఆందోళన పాలు తగ్గిస్తుంది. మత్తు మందు కాదు. మింగగానే పని చేయదు, కొన్ని వారాలు పడుతుంది. మొదట్లో కడుపులో వికారం, చికాకు, నిలకడ లేకపోవడం రావచ్చు. అరుదుగా కొందరు పిల్లలకు దిగులు ఎక్కువై, తమకు తాము హాని చేసుకునే ఆలోచనలు కూడా రావచ్చు. అందుకే మొదటి వారాల్లో కనిపెట్టుకుని ఉండాలి. కొంచెం తేడా కనబడినా నాకు ఫోన్ చేయాలి. జీవితాంతం కాదు, బాగయ్యాక మెల్లగా తగ్గించి ఆపేస్తాం. మనంతట మనం టక్కున ఆపకూడదు. దాచకుండా అంతా చెప్పాను. దాచి ఒప్పించిన మందు రెండో వారానికే గూట్లోకి చేరుతుంది.

మురుగేశు చివరికి "సరి మేడం" అన్నాడు. మంజుల అప్పటికే తలూపుతోంది. నేను ప్యాడ్ దగ్గరికి లాక్కున్నాను.

"నన్ను అడగలేదు," అంది కవిప్రియ.

నిజమే. కలం కింద పెట్టి, "చెప్పు" అన్నాను.

తల్లి కొంగు కొస వేలికి చుట్టుకుంది. "మాత్ర తింటే భయం పోతాదా?"

"తగ్గుతుంది."

"వద్దు," అంది. కళ్ళ నిండా నీళ్ళు. "భయం పోతే అమ్మ రాదు. కొరికితేనే అమ్మ బస్సు దిగింది, కక్కితేనే ఇంట్లో నిలిచింది. నేను బాగుంటే ఎందుకు దిగుతాది?"

ఇంతకాలం మేం ఆ భయాన్ని పీకేయాలని చూస్తున్నాం. ఆ పిల్ల మాత్రం తల్లిని ఇంటికి లాక్కొచ్చే తాడు అదొక్కటేనని పట్టుకుని వేలాడుతోంది. అది తెలియకుండా నేను మందు రాసి ఉంటే, ఆమె నాలుక కింద దాచుకుని ఉమ్మేసి ఉండేది.

దీనికి జవాబు తల్లే చెప్పాలి. మంజుల వంక చూశాను. మంజుల కుర్చీ దిగి పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

"నా తల్లే, శనివారం శనివారం నేను వచ్చేది నువ్వు కక్కినావనా? నిన్ను చూడకుంటే నాకు ముద్ద దిగక వస్తాను. నువ్వు నవ్వతా ఉన్నా వస్తాను, నన్ను తిట్టినా వస్తాను. నువ్వు బాగుండే శనివారం కూడా బస్సు దిగుతాను. చూస్తావా?"

పిల్ల వెంటనే నమ్మలేదు. "నేను కక్కినా అవ్వ అమ్మకు ఫోన్లో చెప్పకూడదు. రెండు శనివారాలు చూస్తా. తర్వాత మాత్ర తింటా" అంది. పెద్దవాళ్ళు నా వంక చూశారు. నేను ఒప్పుకున్నాను. ఆ రెండు వారాలూ పాపం పిల్ల కక్కుతూనే ఉంది. అవ్వ ఉదయం సాయంత్రం గంజీ మజ్జిగా తాగించి, మధ్యలో ఒకసారి తెచ్చి బరువు చూపించింది. రెండు శనివారాలూ మంజుల బస్సు దిగింది. నేను మందు రాశాను. అర మాత్రతో మొదలు.

ఆ తర్వాతి సోమవారం అవ్వ ఫోన్ చేసింది. "నేను మింగి చూసినాను తల్లీ. ఏమీ కాలేదు. బిడ్డకు ఈ పొద్దు నుంచి ఇస్తా."

"నువ్వెందుకు మింగావు?" అని అరిచాను.

"ఉప్పు చూడకుండా కూర కూడా పెట్టను బిడ్డకు. మందు చూడకుండా ఎట్ల పెడతాను?"

ఆ అరుపులు బట్టల కొట్టుదాకా వినబడి ఉంటాయి. నీ బీపీ మాత్రలతో కలిపి ఏమన్నా అయితే ఎవరు దిక్కని నానా మాటలూ అన్నాను. అవ్వ అన్నీ విని, "సరి, ఇంక మింగను. నీకు కోపం ఎక్కువ తల్లీ, నువ్వు కూడా ఒకటి వేసుకో" అని పెట్టేసింది.

మొదటి వారం గడ్డుగా గడిచింది. కడుపు తిప్పడం ఎక్కువైంది, పిల్ల చికాకుపడి పలక విసిరికొట్టింది. మురుగేశు బెంగళూరు నుంచి ఫోన్ చేసి ఆపేద్దామన్నాడు. ఏ రోజుకారోజు అవ్వతో మాట్లాడుతూ, పిల్లతో మాట్లాడుతూ, మోతాదు పెంచకుండా అక్కడే నిలిపాను. నాకూ లోపల బెరుకుగానే ఉంది. తర్వాత మెల్లగా సద్దుమణిగింది. ఆపైన ఒక సోమవారం పిల్ల కక్కలేదు. ఇంకో సోమవారం రెండు ఇడ్లీలు తిని బడికి పోయింది. మెట్ల అభ్యాసం ఆపలేదు. బస్టాండుకు వచ్చి తల్లిని బస్సెక్కించి, చేయి ఊపి, వెనక్కి రావడం ఆమె ఎక్కిన చివరి మెట్టు. ఆ రోజు ఏడ్చింది. ఏడుస్తూనే చేయి ఊపిందని అవ్వ చెప్పింది.

మరుసటి ఏడాది మామిడికాయల కాలంలో మాత్ర తగ్గించుకుంటూ వచ్చి ఆపేశాం. ఇప్పటికీ కొత్త తరగతి మొదలయ్యే రోజున ఆమె కడుపు కాస్త తిప్పుతుంది. "దానికి చెప్పినాను డాక్టరమ్మా, ఇప్పుడు వింటాది" అంటుంది.

పిల్లలకు మందు ఇవ్వాలా వద్దా అని నన్ను చాలామంది అడుగుతారు. అందరికీ ఒకే జవాబు నా దగ్గర లేదు. ఈ పిల్ల దగ్గర నేర్చుకున్నది చెబుతాను. కారణం దొరికిందని మందు అక్కర్లేదనుకోకూడదు, మందు ఉందని కారణం వెతకడం మానకూడదు. అన్నిటికంటే ముందు, నీ భయం పోతే నువ్వు ఏం పోగొట్టుకుంటావని పిల్లను అడగాలి. ఇప్పుడు ప్యాడ్ తీసుకునే ముందు ప్రతి పిల్లనూ అది అడుగుతున్నాను. కొందరి జవాబులు విని ప్యాడ్ పక్కన పెట్టిన రోజులూ ఉన్నాయి.

మందు నడుస్తున్న రోజుల్లోనే ఒక శనివారం సాయంత్రం మంజుల నాకు ఫోన్ చేసింది. ఆయాసపడుతోంది. ఏమైందోనని కంగారుపడ్డాను.

"బస్సు దిగితే ఎవరూ లేరు మేడం. ఎప్పుడూ నిలబడి ఉంటాది కదా. పరిగెత్తి ఇంటికొస్తే ఇంట్లో లేదు. రాజమ్మ ఇంట్లో ఉంది మేడం! ఆయమ్మ ఒళ్ళో తల పెట్టుకుని టీవీ చూస్తా ఉంది. నన్ను చూసి, 'వచ్చినావామ్మా? ఇది అయిపోనీ, వస్తా' అనింది. లేవను కూడా లేదు."

నేను పకపకా నవ్వాను. మంజుల కూడా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చేసింది.

"ఇప్పుడు నాకు కడుపులో ఎట్లనో ఉంది మేడం. నాకేమన్నా మాత్ర ఉందా?"

"దానికి మందు లేదు మంజులా," అన్నాను. "పోయి ఆ సినిమా ఏదో నువ్వూ చూడు."